చుక్కల్లేని మూల

నా గది నుంచి, తలుపుకి వీపు ఆనించి కూర్చుని

అత్తా,

కాబట్టి చుక్కలు పెట్టిందీ నేనే, తీసేసిందీ నేనే. నిన్న ఇక్కడిదాకా రాసేసరికి మెట్ల మీద నాన్న చెప్పుల చప్పుడు వినిపించింది. కాగితం చింపి టాయిలెట్లో పడేశాను. అది పోలేదు. మూడు బకెట్లు పోస్తే గానీ పోలేదు. అందుకే ఇవాళ మళ్లీ మొదటినుంచి.

మా ఇంట్లో ఏ గదికీ గడియ ఉండదని నీకు తెలుసుగా. ఇల్లు కట్టేటప్పుడు నాన్నే వద్దన్నాడట. స్పేస్ ప్రవహించాలట. ఇంట్లో ప్రవహించేది నాన్న ఒక్కడే. తలుపు కొట్టడు, తోసుకుని వచ్చేస్తాడు. అమ్మ మాత్రం గడియ లేని తలుపుని కూడా రెండుసార్లు కొట్టి ఆగుతుంది. రాత్రి పడుకునే ముందు నా ఫోను నాన్న చేతికివ్వాలి, మెసేజులు చదువుతాడు. అందుకే ఈ కాగితాలు. మొక్కల కోసం వారానికోసారి నాన్న ఆఫీసు వ్యాను నీ నర్సరీకి వస్తుంది కదా, డ్రాయింగుల ట్యూబులో లోపల చుట్టి పెడుతున్నా. నాన్న సొంత అక్కకే నాన్న గురించి రాయడం ఎంత తెలివైన పనో నాకు తెలీదు. కానీ నాన్నని ఎగతాళి చేసి కూడా మళ్లీ మా ఇంట్లో భోజనం పెట్టించుకున్న మనిషివి నువ్వొక్కదానివే.

విషయం ఏంటంటే, నాన్న ఆఫీసుకి కొత్త పార్కు డిజైను పని వచ్చింది. బస్టాపుకీ ఆసుపత్రి వెనక గేటుకీ మధ్య ఉన్న ఖాళీ స్థలం. గీతలు మొదలుపెట్టే ముందు అక్కడ జనం ఇప్పుడేం చేస్తున్నారో చూడాలట. ఎవరు ఎటు నడుస్తున్నారు, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, అన్నీ ప్లాను మీద చుక్కలు పెట్టాలి. నడిచేవాళ్లకి నీలం, కూర్చునేవాళ్లకి ఎరుపు. సెలవుల్లో ఖాళీగా ఉన్నానని ఆ పని నాకిచ్చాడు. నేను వెళ్లి అక్కడి వాళ్లని అడుగుతానంటే నాన్న నవ్వాడు. "జనాన్ని అడగకూడదు, చూడాలి. నోరు అబద్ధం చెప్తుంది, కాళ్లు చెప్పవు," అన్నాడు. ఈ మాట ప్రతి ప్రెజెంటేషన్లోనూ చెప్తాడు. చెప్పాక ఒక్క క్షణం ఆగుతాడు, ఎవరైనా రాసుకుంటారేమోనని.

సరే, గొడుగు వేసుకుని, అట్ట పట్టుకుని కూర్చున్నా. అక్కడ పాత నీళ్ల ట్యాంకు ఒకటుంది. దాని వెనక పడిపోయిన గోడ, ఒక బాదం చెట్టు. గురువారం ఆ గోడ మీదకి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. చుక్క పెట్టబోయి ఆగాను. ఒకావిడ అమ్మ. రెండో ఆవిడ పిన్ని.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు, బట్టలు కుడుతుంది, నీకు తెలుసు. మా ఇంటికి వచ్చి నాలుగేళ్లవుతోంది. ఆఖరిసారి వచ్చినప్పుడు, "బావగారూ, మీ కుర్చీలు ఫొటోకి బాగున్నాయి గానీ కూర్చుంటేనే నడుం పట్టేస్తోంది," అంది. అంతే. అరుపులేం లేవు. నాన్న అరవడు. లేచి వెళ్లిపోయాడు, ఆ రోజు నుంచీ మా ఇంట్లో పిన్ని అనే మనిషి లేదు. తర్వాత అమ్మ రహస్యంగా ఫోన్లో మాట్లాడుతోందని తెలిసి ఫోను తీసుకుని, మెల్లగా అన్నాడు. "అంత ప్రేముంటే అక్కడికే వెళ్లి ఉండు. పిల్ల ఇక్కడే ఉంటుంది." నేను తలుపు అవతలే ఉన్నాను. మెల్లగా అన్నాడు కాబట్టే భయమేసింది.

ఇప్పుడు అమ్మ మళ్లీ కలుస్తోంది, రెండు వారాలుగా చూస్తున్నా, గురువారం గురువారం. నాన్నకి తెలిస్తే అమ్మ వెళ్లిపోవాలి, నేను ఉండిపోవాలి. అందుకని ఆ మూలలో ఒక్క చుక్క కూడా లేకుండా చేసి మ్యాపు ఇచ్చేశా. నాన్న చూసి, "క్లీన్‌గా ఉంది," అన్నాడు. అంతే.

నాకొక సాయం కావాలి. ప్లానులో ఆ మూల మోకాలెత్తు పొదలు రాశారు. నువ్వు వాటి బదులు మనిషెత్తు పెరిగే రకం పంపించు. చిన్నప్పుడు అన్నీ ఒకేలా ఉంటాయని నువ్వే అన్నావుగా. ఆఫీసులో ఎవరికీ ఆకు చూసి మొక్క చెప్పడం రాదు. వాళ్లకి చెట్టంటే కంప్యూటర్లో ఆకుపచ్చ గుండ్రం.

ప్లీజ్. ఇది చదివి కాల్చెయ్.

నీ మేనకోడలు

*

నర్సరీ షెడ్డు నుంచి, మట్టి చేతులతో

చిట్టెలుకకి,

కాల్చలేదు. వాన తడికి అగ్గిపుల్ల వెలగలేదు. చిట్లిన కుండీ కింద పెట్టాను, అక్కడ వెతికేంత ఓపిక ఈ ఇంటావంటా ఎవరికీ లేదు.

ముందు పొదల సంగతి. నేనిప్పుడు పంపించే మొక్క నా జానెడు ఉంటుంది. అది మనిషెత్తు పెరగడానికి రెండేళ్లు పడుతుంది, అదీ మీ నాన్న పార్కులో నీళ్లు పోసే దిక్కుంటే. ఆ రెండేళ్లూ నా మరదలు, వాళ్ల చెల్లెలూ ఏం చెయ్యాలి, బోర్లా పడుకుని మాట్లాడుకోవాలా? పైగా మా మొక్కల్లో కల్తీ చేసి అమ్ముతుందన్న పేరు నాకెందుకు? పంపను.

ఇక నీ ఘనకార్యం. ఆర్డరుతో పాటు ఆ మ్యాపు కాపీ ఒకటి నాకు కూడా వచ్చింది, ఎండ ఎక్కడ పడుతుందో చూసుకోవడానికి. చూశాను. మీ నాన్నా నేనూ ఒకే కాలేజీలో ఒకే చదువు చదివాం. వాడు సూట్లు వేసుకునే వైపు వెళ్లాడు, నేను ఎరువు మోసే వైపు వచ్చాను. అంతే తేడా. ఇలాంటి మ్యాపులు నేనూ వేశాను. ఒకటి చెప్తా విను. ఎంత పనికిమాలిన నేల అయినా అన్ని చోట్లా నాలుగు చుక్కలు పడతాయి. బంతి పోయిందని ఒక పిల్లాడు వెళ్తాడు. ఫోను మాట్లాడుకుంటూ ఒకడు తిరుగుతాడు. ట్యాంకు చాటు కనిపిస్తే ఒంటేలుకి ఊరంతా వెళ్తుంది. నువ్వు అమ్మ చుక్కలే తీస్తే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. భయంతో మొత్తం తుడిచేశావు. ప్లానంతా ఆటలమ్మ పోసినట్టుంటే ఆ ఒక్క మూల తామరాకులా నున్నగా ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

మీ నాన్న మూర్ఖుడే గానీ గుడ్డివాడు కాదు. వాడు "క్లీన్‌గా ఉంది" అన్నాడంటే మెచ్చుకున్నాడనుకున్నావా?

ఒక ప్రశ్న. ఇదంతా నాకు రాశావు. అమ్మకి చెప్పావా? నువ్వు చూశావని తనకి తెలుసా?

అత్త

తా.క. రాయడం ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో దింపినట్టుంది. అయినా పర్లేదు, తిట్లు మాత్రం చక్కగా కుదిరాయి.

*

నా గది నుంచి, మోడల్ పక్కన

అత్తా,

నీ ఉత్తరం చదివా. మొదట నీ మీద కోపం వచ్చింది. నువ్వు ఎక్కడో మట్టిలో కూర్చుని వెక్కిరించడం ఈజీ. తర్వాత మ్యాపు తీసి చూశా. నువ్వన్నది నిజం. ఆ మూల అరుస్తోంది.

ఈ కాగితాలు ఎక్కడ దాస్తున్నానో చెప్తా. నాన్న పాత పార్కుల అట్ట మోడళ్లన్నీ నా గదిలోనే పడేస్తారు. నా గది అంటే ఓడిపోయిన పార్కుల శ్మశానం. ఒక దాంట్లో థర్మోకోల్ గుట్ట ఉంది, లోపల డొల్ల. నీ ఉత్తరాలు ఆ గుట్ట కింద ఉన్నాయి. పైన ప్లాస్టిక్ మనిషొకడు కుక్కని తిప్పుతున్నాడు.

ప్రెజెంటేషన్ కూడా అయిపోయింది. నన్ను ల్యాప్‌టాప్ నొక్కడానికి తీసుకెళ్లారు. ముందు పది రోజులు ఆఫీసంతా ట్రేసింగ్ కాగితం మీద బుడగలు గీశారు. ఇక్కడ ఆట బుడగ, ఇక్కడ నడక బుడగ, ఇక్కడ ప్రశాంతత బుడగ. తర్వాత నాన్న వచ్చి అన్నింటి మీదా లావు పెన్నుతో వంకర గీత ఒకటి గీసి, దీని పేరు 'ఊపిరి' అన్నాడు. బస్టాపు నుంచి ఆసుపత్రికి జనం తిన్నగా అడ్డంగా నడుస్తారు, నా నీలం చుక్కలన్నీ ఒకే గీతలా పడ్డాయి. కాళ్లు అబద్ధం చెప్పవన్న మనిషి ఆ దారికి అడ్డంగా చెరువు పెట్టాడు. రోగికి అన్నం క్యారేజీ తీసుకెళ్లేవాళ్లు ఊపిరి పీల్చుకుంటూ చుట్టూ తిరిగి వెళ్లాలట.

బొమ్మల్లో చెట్లు ఇరవై ఏళ్ల తర్వాత ఎలా ఉంటాయో అలా వేస్తారు. మనుషులు మాత్రం ఇప్పటివాళ్లే, అందరూ సన్నగా, ఎవరో ఒకరి చేతిలో బెలూను. మున్సిపల్ ఛైర్మన్ అది చూసి, "ప్రారంభానికి ఈ చెట్లు ఉంటాయి కదా?" అని అడిగాడు. నాన్న, "దారిలో ఉన్నాయి సార్," అన్నాడు. నా పక్కన కూర్చున్న నాన్న ఆఫీసు జూనియర్, "అవును, ఇరవై ఏళ్ల దారి," అని గొణిగాడు. నేను నవ్వాను. నాన్న చూశాడు. నవ్వు ఆగిపోయింది.

అసలు సంగతి ఇది. ఈ వారం లైట్ల డ్రాయింగు వచ్చింది. గుండ్రం, దానికో త్రికోణం అంటే కెమెరా. మొత్తం మూడు. ఒకటి బస్టాపు గేటు, ఒకటి ఆసుపత్రి గేటు. మూడోది ట్యాంకు వెనక బాదం చెట్టు దగ్గర. జూనియర్ అడిగాడు, "సార్, మ్యాపు ప్రకారం ఆ మూలకి ఎవరూ వెళ్లరు కదా, అక్కడెందుకు?" అని.

నాన్న తల ఎత్తకుండానే, "అందుకే," అన్నాడు.

ఆ మాట అన్నాక నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది.

అమ్మకి చెప్పలేదు. ఎలా చెప్పాలి? అమ్మా, నిన్ను నేను దొంగచాటుగా చూశాను అనా? చెప్తే అమ్మ వెళ్లడం మానేస్తుంది. గురువారం సాయంత్రం అమ్మ మొహం ఎలా ఉంటుందో నువ్వు చూడలేదు. మిగతా ఆరు రోజులూ అమ్మ కూడా మా కుర్చీల్లాగే ఉంటుంది.

నీ చిట్టెలుక (నువ్వు పెట్టిన పేరే, నాకేం నచ్చలేదు)

*

నర్సరీ నుంచి, కౌంటర్ మీద

చిట్టెలుకకి,

పోయినసారి ఒక సంగతి రాయలేదు. రాస్తే గుట్టలోకి నువ్వే దూరిపోతావని. ఇప్పుడు రాస్తున్నా.

మీ నాన్న వచ్చాడు. చెట్లు తనే చూసి ఎంచుకుని, ఒక్కోదానికి రిబ్బను కట్టి వెళ్లాలి కదా, దానికి. తెల్ల బూట్లు వేసుకొచ్చాడు, నా నర్సరీకి. పైపు కాస్త వదిలాను, అదెలాగో బూట్ల వైపే పారింది.

రిబ్బన్లు అన్నీ కట్టాక కూడా వెళ్లలేదు. పొదల దగ్గర నిలబడి, ఆకు ఒకటి తుంచి, "అక్కా, మా ఆవిడ నీకేమైనా చెప్తుంటుందా?" అన్నాడు. చెట్లు చూడ్డానికొచ్చావా, ఇంటి గుట్టు చూడ్డానికొచ్చావా అని అడిగా. ఆ ఆకుని నాలుగు ముక్కలు చేశాడు. తర్వాత చెప్పాడు. నీ మ్యాపు చూసిన వారమంతా రోజూ కారు బస్టాపు అవతల ఆపుకుని కూర్చున్నాడట. గురువారం ఇద్దర్నీ చూశాడట.

ఊపిరి తీసుకో. ఊపిరి అంటే మీ నాన్న పార్కు కాదు, మామూలుది.

అంటే వాడికి ఎప్పుడో తెలుసు. ఇన్ని వారాలూ మీ అమ్మ వడ్డించింది తిన్నాడు, ఒక్క మాట అనలేదు, కెమెరా గీశాడు. నాకు కోపం కన్నా అసహ్యం వేసింది. "తెలిశాక తనని అడిగావా?" అన్నాను. "అడిగితే నిజం చెప్తుందా?" అన్నాడు. "ఒరే, నువ్వు పెళ్లయ్యాక దాన్ని ఒక్కటైనా అడిగావా? టీలో చక్కెర చాలా అనైనా?" అన్నాను. దానికి వాడు ఏమన్నాడో తెలుసా? "అడగడం నా పద్ధతి కాదక్కా, చూడడం." మొహం మాత్రం చిన్నప్పుడు పరీక్ష తప్పి గోడ దూకి వచ్చినప్పటి మొహం. జాలి పడమని చెప్పట్లేదు. చూసింది చెప్తున్నా.

మీ నాన్న చూస్తాడు, అడగడు. నువ్వు చూస్తావు, దాస్తావు. ఇద్దరూ ఒక తానులో ముక్కలే. నువ్వు అమ్మని కాపాడుతున్నాననుకుంటున్నావు. నువ్వు కాపాడుకుంటున్నది నిన్ను. తనకి చెప్పు. కెమెరా వెలిగేలోపు చెప్పు.

అత్త

*

నా గది నుంచి

అత్తా,

రెండు నెలలు నీకు రాయలేదు. కోపంతో. నన్ను నాన్నతో కలిపి ఒక తాను అన్నావు. పోయిన వారం అద్దంలో చూసుకుంటే నుదురు అచ్చం నాన్నదే. ఆ కోపం కూడా నీ మీదే.

పార్కు పని జోరుగా ఉంది. గోడ పడగొట్టేశారు. చెరువుకి తవ్విన గుంటలో వాన నీళ్లు నిలిచి దోమలు పుట్టాయి, ఆఫీసులో దాన్ని 'వాటర్ ఫీచర్ ముందే పనిచేస్తోంది' అంటున్నారు. బెంచీ నమూనా ఒకటి తయారు చేసి తెచ్చారు. మధ్యలో ఇనుప చెయ్యి ఉంటుంది, ఎవరూ పడుకోకుండా. అలా అయితే ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు ఎలా ఆనుకుంటారు అని జూనియర్ అడిగాడు. ఆ రోజు నుంచి జూనియర్‌కి డ్రెయినేజీ మూతల డ్రాయింగులే ఇస్తున్నారు.

దూరం నుంచి చూస్తూనే ఉన్నా, అమ్మా పిన్నీ ఇంకా వస్తున్నారు. గోడ లేదు కాబట్టి ఇసక గుట్ట పక్కన రాళ్ల మీద కూర్చుంటున్నారు. పిన్ని ఫ్లాస్కు తెస్తుంది. అమ్మ పిన్ని తెచ్చిన జాకెట్టు కుట్టు విప్పి మళ్లీ వేస్తూ ఏదో నేర్పిస్తున్నట్టు ఉంటుంది, లేదా నేర్చుకుంటున్నట్టు. ఒకసారి అమ్మ నవ్వింది. పళ్లన్నీ కనిపించేలా. మా ఇంట్లో అమ్మకి ఇన్ని పళ్లున్నాయని నాకు తెలీదు.

చెప్పాలని మూడుసార్లు వెళ్లా. మొదటిసారి అమ్మ స్నానం. రెండోసారి ఫోను. మూడోసారి అమ్మ ఖాళీగానే ఉంది, నేనే ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగి వచ్చేశా. నా చేతిలోనే ఉంది ఉప్పు డబ్బా.

నువ్వు చెప్పకూడదా? నీ మాట అమ్మ వింటుంది. నేను చెప్పి, అమ్మ వెళ్లిపోతే? "పిల్ల ఇక్కడే ఉంటుంది." ఈ ఇంట్లో, ఈ మోడళ్ల మధ్య, నాన్నా నేనూ, గడియ లేని తలుపులూ. భోజనానికి ఎదురెదురుగా కూర్చుని ఒకర్నొకరు చూసుకుంటూ. నాకు అసలు భయం అదే. ఇప్పుడు రాశాకే తెలిసింది.

చిట్టెలుక

*

నర్సరీ నుంచి, వ్యానువాడు హారన్ కొడుతున్నాడు

ఎలుకకి,

నేను చెప్పను. మొక్కలు పంపిస్తా, తిట్లు పంపిస్తా, నోరు మాత్రం పంపించను. అది ఎవరిది వాళ్లే వాడుకోవాలి.

తాటిచెట్టంత చెట్లు కావాలని ఛైర్మన్ గోల పెడితే ఎక్కడో వేళ్లు నరికిన నాలుగు తెప్పించాడట మీ నాన్న, నా దగ్గర అడగలేదు. ఫొటో దిగేదాకా నిలబడతాయి. తర్వాత మనుషులు కింద కూర్చోకపోతే మంచిది, వాటికి కట్టిన తాళ్లు ఎవరూ విప్పకుండా చూడమని మీ జూనియర్‌కి చెప్పు. వాడొక్కడికే కాస్త బుర్ర ఉన్నట్టుంది.

ప్రారంభం శనివారం. ఆ తర్వాతే కెమెరాలు వెలుగుతాయి. తర్వాత వచ్చే గురువారం లోపు నీ ఇష్టం. ట్రేలో అడుగున ఒక మొక్క పెట్టాను, అది నీకు. మోకాలెత్తుకి మించి పెరగదు. ఎవర్నీ దాచలేదు పాపం. వాసన మాత్రం బాగుంటుంది.

అత్త

*

నా గది నుంచి, తలుపుకి వీపు ఆనించి

అత్తా,

చెప్పేశా. ముందు అది రాసేస్తున్నా, ఎవరైనా వచ్చి మధ్యలో ఆపేసినా నీకు తెలియాలని.

ప్రారంభం నుంచి చెప్తా. శనివారం ఛైర్మన్ రిబ్బను కత్తిరించాడు. నాన్న మైకులో కాళ్లు అబద్ధం చెప్పవన్నాడు. ఆగాడు. ఎవరూ రాసుకోలేదు. అదే టైములో ఆసుపత్రికి క్యారేజీ పట్టుకెళ్తున్న ఒకాయన చెరువు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, తిట్టుకుని, నీ పొదల మీంచి దాటి తిన్నగా వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు. ఒక్క పూటలో పొదల మధ్య దారి పడిపోయింది. నాన్న మైకు పట్టుకుని అది చూస్తూ ఉండిపోయాడు. నరికి తెచ్చిన చెట్లకి కట్టిన తాళ్లు ఫొటో కోసం విప్పమన్నారు, జూనియర్ తాళ్ల ముందు నిలబడి కదల్లేదు. వాడి ఉద్యోగం ఉందో లేదో ఇంకా తెలీదు.

ఇంటికొచ్చాక అమ్మ వెనక వాకిట్లో బట్టలు తీస్తోంది. నేను వెళ్లి ఒక దుప్పటి కొస పట్టుకున్నా, మడతకి. మధ్యలో దుప్పటి ఉంది కాబట్టి అమ్మ మొహం కనిపించలేదు. అప్పుడే చెప్పేశా. పిన్నిని చూశానని, చుక్కలు తీసేశానని, నాన్నకి తెలుసని, బాదం చెట్టు దగ్గర కెమెరా ఉందని.

అమ్మ తన కొసలు రెండూ తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వు చూశావని నాకు ఆ రోజే తెలుసు," అంది. "అట్ట పట్టుకుని, మిట్టమధ్యాహ్నం మన ఇంటి గొడుగే వేసుకుని కూర్చుంటే కన్నతల్లికి తెలీదా? నువ్వే వచ్చి చెప్తావని చూస్తున్నా."

అమ్మ కూడా చూస్తోందట, అత్తా. ఈ ఇంట్లో అందరూ చూడ్డమే.

కెమెరా సంగతికి అమ్మ భయపడుతుందనుకున్నా. నవ్వింది. ఇంట్లో, పళ్లు కనిపించేలా. "నన్ను చూడ్డానికి అంత పెద్ద స్తంభం పాతించాడా? పదిహేడేళ్లుగా ఎదురుగా కూర్చుంటే చూడని మనిషి. చూడనీ," అంది.

ఇవాళ గురువారం. పొద్దున్న టిఫిన్ దగ్గర అమ్మ గిన్నె కింద పెట్టి, నాన్నతో అంది. వణుకు లేదు, కోపం లేదు, ఛార్జీలు చెప్పే కండక్టర్‌లా చెప్పింది. "సాయంత్రం పార్కుకి వెళ్తున్నా. మా చెల్లి వస్తోంది. మీ కెమెరాకి ఎదురుగానే కూర్చుంటాం, వెతుక్కోనక్కర్లేదు." నాన్న చెంచా ఆగిపోయింది. అదే మెల్లని గొంతుతో, "అయితే అక్కడే ఉండు. పిల్ల ఇక్కడే," అన్నాడు.

అమ్మ, "అది కుర్చీ కాదు, మీరు ఎక్కడ వేస్తే అక్కడ ఉండడానికి. ఎక్కడుంటుందో దాన్నడగండి. నాకూ వినాలనుంది," అంది. లేచి చేతులు కడుక్కుంది.

నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. నాన్న బూట్లు వేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం నేనూ అమ్మతో వెళ్లా. మొదటిసారి, గొడుగు లేకుండా. పిన్ని నన్ను చూసి ముందు బిత్తరపోయి, తర్వాత చెవి మెలిపెట్టింది. ముగ్గురం బాదం చెట్టు కింద కొత్త బెంచీ దగ్గరకెళ్లాం. పిన్ని కూర్చుని, ఇటు జరిగి, అటు జరిగి, మధ్యలో ఇనుప చేతిని తట్టి, "బావ ఏం మారలేదే," అంది. లేచి చెట్టు చుట్టూ ఉన్న సిమెంటు గట్టు మీద కూర్చున్నాం. అది కూర్చోడానికి కట్టింది కాదు. అందుకే బాగుంది. కెమెరా సరిగ్గా మా మీదే ఉంది. పిన్ని దానికి ఫ్లాస్కు మూత ఎత్తి చూపించి, "టీ తాగుతారా బావగారూ," అంది.

నాన్న కారు గేటు అవతల ఉంది. నేను చూశాను, అమ్మకి చెప్పాను. దాచలేదు. కారు ఆగే ఉంది, మేం లేచేదాకా. ఎవరూ దిగలేదు.

ఇప్పుడు ఇంట్లో అందరం ఉన్నాం. అమ్మ గదిలో ఒక పెట్టె తెరిచి ఉంది, సగం సర్ది ఉంది. సగమే. ఎందుకు సగం అని అడిగితే, "మిగతా సగం నీ జవాబు విన్నాక," అంది. నాన్న హాల్లో తన కుర్చీలో కూర్చున్నాడు, లైటు వెయ్యలేదు. ఇందాక నడుం పట్టుకున్నాడు. నేను నవ్వలేదు.

నన్ను అడిగితే ఏం చెప్పాలో మొదటి సగం నాకు తెలుసు. అమ్మతోనే ఉంటాను. రెండో సగం ఇంకా దొరకలేదు. నాన్న ఒక్కడే ఈ ఇంట్లో, అన్ని తలుపులూ తెరుచుకుని... అది తల్చుకుంటే నాకు కోపం రావాలి, వస్తోంది కూడా, కానీ దాంతో పాటు ఇంకేదో వస్తోంది, దాని పేరు నాకు తెలుగులోనూ రాదు, ఇంగ్లీషులోనూ రాదు. నువ్వు పంపిన మొక్క కిటికీలో

మెట్ల మీద చెప్పులు. నాన్నవే. ఇప్పుడు తలుపు తోస్తాడు, నా వీపుకి తగులుతుంది. గుట్ట మంచం అవతల ఉంది, అంత దూరం

తోయలేదు.

తలుపు కొట్టాడు. ఒక్కసారి. కొట్టడం అలవాటు లేని మనిషి కొట్టినట్టు, తలుపు ఎక్కడ మొదలవుతుందో తెలీనట్టు. "లోపలికి రావచ్చా?" అంటున్నాడు. అది నాన్న గొంతే.

ఆగమన్నాను. ఆగాడు.

కాగితాలు గుట్ట కింద పెట్టేస్తున్నా